ఒరెస్ట్ బొద్నార్ ఎడమ పక్క

ఐస్ హాకీలో ఒరెస్ట్ బొద్నార్ గోల్ కొడితే పోర్ట్ కెస్టర్ జనం నవ్వేవాళ్ళు. అంత అరుదుగా కొట్టేవాడు. కొట్టినా అది కావాలని కొట్టింది కాదు. పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ ఎవడి స్కేటుకో తగిలి దారి తప్పి వలలోకి దూరేది. మైకులో తన పేరు వినపడగానే, ఏదో చేసి దొరికిపోయినవాడిలా తల దించుకుని బెంచీ మీదికి వెళ్ళి కూర్చునేవాడు. "నువ్వు కూడా గోల్స్ కొడితే ఇంక మేమెందుకురా, అందర్నీ మాన్పించేస్తారు" అని అతనికి జోడీగా ఆడే ఆర్వో కోస్కెల అతని వీపు మీద చేతితొడుగుతో బాదేవాడు.

ఒరెస్ట్ పని వేరు. మంచు మీద తమ గోల్ ముందున్న కాస్త చోటు అతనిది. అక్కడ అవతలి జట్టువాడు నిలబడకూడదు. నిలబడితే వాడి పక్కటెముకల్లో స్టిక్ దిగాలి, లేదా వీపు మంచుకి తగలాలి. అటునుంచి ఎవడైనా బలంగా పక్ కొడితే గోల్‌కీపర్ దాకా పోనివ్వకుండా మోకాళ్ళ మీద పడి ఒంటితో ఆపాలి. గడ్డకట్టిన రబ్బరు బిళ్ళ అది. తగిలినచోట నల్లగా కమిలి, తర్వాత పసుపుపచ్చగా మారి, అది తగ్గేలోపు దాని పక్కనే ఇంకోటి. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో అతనికే గుర్తులేదు. ముందు పళ్ళు ఎప్పుడో పోయాయి. ఉక్కు ఫ్యాక్టరీలోనూ రేవులోనూ పనిచేసే పోర్ట్ కెస్టర్ మగాళ్ళకి గోల్స్ కొట్టేవాళ్ళంటే ముచ్చట, ఒరెస్ట్ అంటే ప్రాణం. తమలాగే వీడూ ఒళ్ళు అమ్ముకుని బతుకుతున్నాడని వాళ్ళకి అనిపించేదేమో.

పుట్టింది కెనడాలోని సస్కాచువాన్‌లో, గోధుమ పొలాల మధ్య. తండ్రి పెత్రో ఉక్రెయిన్ నుంచి వచ్చి అడవి నరికి పొలం చేసిన మనిషి. మాట తక్కువ, చెయ్యి జోరు. పొలంలోని నీటిగుంట గడ్డకట్టగానే ఒరెస్ట్, చుట్టుపక్కల పిల్లలూ కలిసి గుర్రపు పేడ ఉండలు చలికి రాయిలా బిగుసుకుంటే వాటినే పక్‌లుగా చేసుకుని ఆడేవాళ్ళు. ఒరెస్ట్‌కి స్కేటింగ్ అంత బాగా రాదు. వెనక్కి జారడం మాత్రం బాగా వచ్చు, అదీగాక తోస్తే పడడు. పదిహేడో ఏట పట్నం జట్టువాళ్ళు పిలిస్తే పెత్రో తనే బండి కట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. రైలు వచ్చాక అన్నాడు, "దెబ్బ తగిలితే ఏడవకు. ఏడిస్తే ఇంకోటి కొడతారు."

అంతే. అదే ఆశీర్వాదం.

ఆ జట్టూ ఈ జట్టూ తిరిగి, బస్సుల్లో నిద్రపోయి, చల్లటి శాండ్‌విచ్‌లు తిని, చివరికి ఒరెస్ట్ సుపీరియర్ సరస్సు ఒడ్డున పోర్ట్ కెస్టర్‌కి చేరాడు. అది పందొమ్మిదివందల యాభైల నడుమ. అక్కడి ప్రొఫెషనల్ జట్టు పెద్ద లీగ్‌కి ఒక మెట్టు కింద. దాని మేనేజరూ కోచ్ కూడా మాక్ టల్లీ. పాత ఆటగాడు, ఎప్పుడూ నోట్లో పిప్పరమెంటు బిళ్ళ వేసుకుని చప్పరిస్తుండేవాడు. మొదటి రోజు ప్రాక్టీసు చూసి ఒరెస్ట్‌ని పక్కకి పిలిచాడు.

"నువ్వు పక్ ముట్టుకోకు."

"అయ్యా?"

"పక్ నీకు రాదు. పక్ ముట్టుకునేవాణ్ణి ముట్టుకో. అది వచ్చు నీకు. ఆ ఒక్కటీ చెయ్యి, నీకిక్కడ పదేళ్ళు అన్నం దొరుకుతుంది."

గోల్‌కీపర్ ముందు కాపలా ఉండే ఇద్దరిలో రెండోవాడు ఆర్వో. ఆ ఊరివాడే. రేవు పక్కన ఫిన్లండు వాళ్ళ వీధుల్లో పెరిగాడు. ఒరెస్ట్ ఎంత మొద్దో ఆర్వో అంత చురుకు. మంచు మీద నీళ్ళలో చేపలా తిరిగేవాడు, అంతకంటే ఎక్కువగా నోరు తిరిగేది. మొదటివారంలోనే ఒరెస్ట్‌కి 'గోధుమ బస్తా' అని పేరు పెట్టాడు. "బస్తా, నువ్వు కదలకు, నేను నీ చుట్టూ తిరిగి ఆడతా." ఆదివారాలు తమ ఇంటికి తీసుకెళ్ళేవాడు. సరస్సు ఒడ్డున ఆవిరిస్నానాల గది, తర్వాత కాఫీ, యాలకుల రొట్టె. రొట్టె చేసేది ఆర్వో చెల్లెలు హెల్వి. కుట్టుపని చేసేది, అన్నలాగే సూటిగా మాట్లాడేది. ఒరెస్ట్ ముఖంలోకి చూసి, "ఈ ముఖాన్ని ఎవరు కుట్టారు? నేనైతే ఇంత వంకరగా కుట్టేదాన్ని కాదు" అంది. రెండేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజు నుంచి బస్తా కాస్తా బావ అయ్యాడు.

ఆ మంచి రోజులు కొన్నాళ్ళే. ఒక మార్చిలో, సీజన్ చివరి ఆటల్లో, ఒరెస్ట్ ఒకణ్ణి గోల్ ముందు నుంచి ఎత్తి కింద పడేశాడు. పడుతూ పడుతూ వాడు తూలి స్టిక్ పైకి లేపాడు. దాని కొస ఒరెస్ట్ ఎడమ కంట్లోకి వెళ్ళింది. వాడిదీ తప్పు కాదు. పడేవాడి చేతులు పైకే లేస్తాయి.

ఆస్పత్రిలో తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి వారాల తరబడి పడుకోబెట్టారు. కట్టు విప్పాక ఆ కంటికి పాలలో ముంచిన గుడ్డ అడ్డం పెట్టినట్టు తెల్లగా కనిపించింది. డాక్టరు చెప్పాడు, వెలుతురు తెలుస్తుంది, చీకటి తెలుస్తుంది, అంతకు మించి ఇంక రాదని. ఒంటికన్ను వాళ్ళని ఆడనివ్వకూడదని లీగ్‌లో రూలు ఉంది. ఒరెస్ట్ ఆ డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"మా జట్టువాళ్ళు అడిగితే ఏం చెబుతారు?"

"అడిగితే అబద్ధం చెప్పను" అన్నాడు డాక్టరు. "అడక్కపోతే నేనై నేను చెప్పను. కానీ నా మాట వినవయ్యా. ఆ రెండోది పోతే నీ భార్య చెయ్యి పట్టుకుని నడవాలి."

జట్టువాళ్ళు ఆ డాక్టర్ని అడగలేదు. సెప్టెంబరులో తమ సొంత డాక్టరుతో పరీక్ష పెట్టించారు. ఆయన ముసలివాడు, ఆయనకే అద్దాలు మందం. గోడ మీద అక్షరాలు చూపించి ఒక కన్ను మూసుకుని చదవమన్నాడు. ఒరెస్ట్ కుడి చేత్తో ఎడమ కన్ను మూసి చదివాడు. రెండో కన్ను అనగానే చెయ్యి మార్చాడు, కన్ను మార్చలేదు. ఎడమ చేత్తో మళ్ళీ ఆ ఎడమ కన్నే మూసి మళ్ళీ చదివాడు. "శుభ్రంగా ఉన్నాయి" అన్నాడాయన.

ఇదంతా హెల్వికి తెలుసు. వద్దంది. ఒరెస్ట్ వినలేదు. "ఆడకపోతే నేనెవర్ని?" అన్నాడు. అప్పుడే అతన్ని ఆపనందుకు ఆమె తర్వాత చాలా ఏళ్ళు తన మీద తనే కోపగించుకుంది.

ఆర్వోకి చెప్పలేదు. ఆర్వోయే కనిపెట్టాడు. పరీక్షకి ముందు ఎండాకాలంలో ఒకరోజు ఆవిరి గది మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆర్వో తడి తువ్వాలు ఒకటి ఎడమ వైపు నుంచి విసిరాడు. అది ఒరెస్ట్ చెవి మీద పడింది. ఆర్వో లేచి ఇంకోటి తీసుకుని మళ్ళీ అక్కడి నుంచే విసిరాడు. మళ్ళీ చెవి మీదే పడింది.

"ఏంట్రా నీ గోల?" అన్నాడు ఒరెస్ట్.

"బావా, నేనెన్ని వేళ్ళు చూపిస్తున్నా?"

"నోరు మూసుకో."

"వేళ్ళు లేవు. నేనసలు చెయ్యే ఎత్తలేదు."

ఒరెస్ట్ సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. హెల్వి లోపలి నుంచి కాఫీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, కప్పులు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆర్వో కప్పు అందుకుని అన్నాడు, "మానేస్తావా?"

"మానను."

"మానవని తెలుసులే, ఊరికే అడిగా." కాఫీ ఒక గుక్క తాగి అన్నాడు, "అయితే పక్క మార్చుకుందాం. ఇన్నాళ్ళూ నువ్వు ఎడమ, నేను కుడి. ఇప్పుడు నువ్వు కుడి పక్కకి రా. నీ ఎడమన నేనుంటా. నీకు కనపడని చోట నేను తప్ప ఎవడూ ఉండడు."

టల్లీకి ఏమని చెబుతావని ఒరెస్ట్ అడిగాడు. బావమరుదులిద్దరికీ పడటంలేదు, మంచం మార్చుకున్నట్టు పక్క మార్చుకుంటున్నారని చెబుతానన్నాడు ఆర్వో. టల్లీ ఆ మాట విని పిప్పరమెంటు బిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి, "మీ ఇష్టం" అన్నాడు.

అలా మూడు చలికాలాలు ఆడారు. ఆట మొదలైన క్షణం నుంచి ఆర్వో నోరు మూయడు. "ఎడమ. ఎడమ వెనక. వదిలెయ్, నాది. వస్తున్నాడు, వస్తున్నాడు, ఇప్పుడు." ఒరెస్ట్ ఆ గొంతుని బట్టి భుజం తిప్పేవాడు, ఆ గొంతుని బట్టి గుద్దేవాడు. ఊరి జనం నవ్వుకునేవాళ్ళు, ఇంట్లో పెళ్ళాం పోరు చాలక మంచు మీద బావమరిది పోరు కూడానా అని. పాపం బొద్నార్ అనేవాళ్ళు. అవతలి జట్టువాళ్ళకి కూడా అది జోకే. ఒకడైతే ఆర్వోని వెక్కిరిస్తూ వెనకాలే "ఎడమ, ఎడమ" అని అరిచాడు. ఆర్వో వాడి స్కేట్ల మధ్య స్టిక్ పెట్టి లాగేసి, "కింద" అన్నాడు.

పక్‌తో ఇబ్బంది లేదు, మనుషులతో ఇబ్బంది లేదు. దెబ్బలాటల్లోనే ఇబ్బంది. గోల్ ముందు నిలబడేవాడు దెబ్బలాడక తప్పదు. చేతితొడుగులు కింద పారేసి ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నాక అక్కడికి ఆర్వో రాకూడదు, అది ఆ ఆటలో మర్యాద. అవతలివాడి కుడి పిడికిలి ఒరెస్ట్ ఎడమ కంటి వైపు నుంచి వచ్చేది. వచ్చేది కనపడేది కాదు, తగిలాకే తెలిసేది. ఇదివరకు తప్పించుకునే దెబ్బలన్నీ ఇప్పుడు తింటున్నాడు. జనానికి అది ఇంకా నచ్చింది. ఎన్ని తిన్నా పడడు చూడు అన్నారు. ఇంటికొస్తే హెల్వి గుడ్డలో మంచు కట్టి ముఖానికి అదిమేది.

"నిన్న నా పేరు మర్చిపోయావు" అంది ఒకసారి.

"ఎప్పుడు?"

"రొట్టె అందుకుంటూ. ఏదో పిలవబోయి ఆగిపోయావు. నా ముఖం చూస్తూ ఉండిపోయావు."

"అలిసిపోయా."

"ఈ ఒక్క ఏడాది చాలు ఒరెస్ట్."

"ఈ ఒక్క ఏడాదే" అన్నాడతను.

అది ఫిబ్రవరి. సొంత ఊళ్ళో ఆట. రేవులో పనిచేసే కుర్రకారు ఆ రోజు ఓడలో వాడే చేతి సైరన్ ఒకటి తెచ్చి, తమ జట్టు గోల్ కొట్టినప్పుడల్లా తిప్పుతున్నారు. పోర్ట్ కెస్టర్ ముందంజలో ఉంది, ఆట చివరికి వచ్చింది. కుర్రాళ్ళు గోల్ దాకా ఆగలేక సైరన్ తిప్పుతూనే ఉన్నారు. రేకుల కప్పు కింద ఆ మోత తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అవతలి జట్టులో డూలన్ అని ఒక బక్కపలచటివాడు, మంచి వేగం. పక్ తీసుకుని నడుమ నుంచి దూసుకొచ్చాడు. ఒరెస్ట్‌కి మొదట కనపడ్డాడు, తర్వాత ఒరెస్ట్ ముక్కు దాటి ఎడమకి వెళ్ళాడు, కనపడటం మానేశాడు. ఒరెస్ట్ ఆర్వో గొంతు కోసం చెవి పెట్టాడు. సైరన్ మోగుతోంది. పాలలాంటి ఆ తెలుపులో ఒక నల్లటి నీడ కదిలింది.

ఒరెస్ట్ భుజం దించి ఉన్న బలమంతా పెట్టి ఆ నీడలోకి వెళ్ళాడు.

డూలన్ అప్పటికే వంగి కిందనుంచి జారిపోయాడు. ఆ నీడ ఆర్వో. బావ చూడలేదని గ్రహించి డూలన్‌కి అడ్డం పడటానికి వచ్చాడు. అటువైపు నుంచి దెబ్బ వస్తుందని అతననుకోలేదు, కాళ్ళు నిలదొక్కుకోలేదు. గాల్లోకి లేచాడు. ఆ రోజుల్లో ఎవరూ తలకి ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదు. ముందుగా మంచుకి తగిలింది తల వెనక భాగం. పై వరుసల్లో ఉన్నవాళ్ళకి కూడా ఆ చప్పుడు వినపడిందని తర్వాత చెప్పుకున్నారు. నిజానికి వినపడే వీలులేదు, సైరన్ ఇంకా మోగుతోంది. అది ఎవరో పట్టుకుని ఆపాక, ఆర్వో కుడికాలు స్కేటు మంచుని గీకుతున్న శబ్దం మాత్రం అందరికీ వినపడింది. ఒరెస్ట్ మోకాళ్ళ మీద కూర్చుని అతని తల కింద తన చేతితొడుగు పెట్టాడు. డూలన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేను తప్పుకున్నా. మీరిద్దరూ నాకోసమే వచ్చారు కదా" అన్నాడు, క్షమించమన్నట్టు.

ఊరంతా అదే అనుకుంది. ఒకే మనిషి మీదికి ఇద్దరూ వెళ్ళి గుద్దుకున్నారు, దురదృష్టం. పేపర్లోనూ అలాగే వచ్చింది.

ఆర్వో ఆస్పత్రిలో కళ్ళు తెరవకముందే ఒక ఉదయం ఒరెస్ట్ ఆట మైదానంలో ఉన్న టల్లీ గదికి వెళ్ళాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి చెప్పాడు. "టల్లీ గారూ, నాకు ఎడమ కన్ను లేదు. మూడేళ్ళయింది. ఆర్వో అందుకే పక్క మారాడు. నేను చూళ్ళేదు."

టల్లీ లేచి తలుపు మూసి వచ్చాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

ఒరెస్ట్‌కి అర్థంకాలేదు.

"ఇన్నేళ్ళు ఎడమ పక్క ఆడినవాడు కంటికి దెబ్బ తగిలొచ్చి కుడిపక్క కావాలంటే నాకు తెలీదనుకున్నావా? కన్ను పోయింది నీకు, నాకు కాదు."

"మరి ఎందుకు ఆడనిచ్చారు?"

"ఆడావు కాబట్టి. రెండు కళ్ళున్నవాడు నువ్వు ఆడినట్టు ఆడలేదు కాబట్టి." టల్లీ గొంతులో కోపమేమీ లేదు, అలసట ఉంది. "ఇంకోటి కూడా విను, ఎలాగూ ఒకరోజు తెలుస్తుంది. పోయిన ఏడాది పెద్ద లీగ్ వాళ్ళు ఆర్వోని పైకి పంపమన్నారు. వాడు వెళ్ళనన్నాడు. మా చెల్లెలు ఇక్కడుంది, ఊరు వదలనన్నాడు. నేను నమ్మినట్టు నటించా, వాడు నమ్మించినట్టు నటించాడు. వాడెందుకు వెళ్ళలేదో ఇద్దరికీ తెలుసు."

ఒరెస్ట్ టోపీ తలకి పెట్టుకున్నాడు.

"సీజన్ అయ్యేదాకా నోరు మూసుకుని ఆడు" అన్నాడు టల్లీ. "ఇప్పుడు చెబితే వాడికి తగిలిన దెబ్బ వెనక్కి పోదు. నువ్వు మాత్రం ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేవు. హెల్వి కూడా."

ఒరెస్ట్ సామాను గదికి వెళ్ళి తన స్కేట్లు తీసి చెత్త డబ్బాలో పడేసి ఇంటికి నడిచాడు. టల్లీ చెప్పిన మాటల్లో ఒక్కటి మాత్రం అతను పాటించాడు. ఊరికి కన్ను సంగతి చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు బయల్దేరి, హెల్విని ఎవరేమంటారోనని వెనక్కి వచ్చాడు. బొద్నార్ బావమరిది బాధ తట్టుకోలేక ఆట మానేశాడని జనం అతన్ని ఇంకా మెచ్చుకున్నారు. వీధిలో ఎదురైనవాళ్ళు చెయ్యి కలిపేవాళ్ళు. ఆ చేతులు కలపడం బాధపెట్టినంతగా అతన్ని ఏ పిడికిలి దెబ్బా బాధపెట్టలేదు.

ఆర్వో బతికాడు. వేసవికల్లా కర్ర పట్టుకుని నడిచాడు, కుడికాలు ఈడుస్తూ. మాట వచ్చింది. పాత వెటకారం కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. కానీ కొత్తది ఏదీ తలలో నిలిచేది కాదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి పోయేది. ఆ ఫిబ్రవరి ఆటా, దాని ముందు రెండు మూడేళ్ళూ తుడిచిపెట్టుకుపోయాయి. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, తల్లీ తండ్రీ పోయారు. ఒరెస్ట్ ఇంట్లో వెనక గది అతనిదైంది. ఒరెస్ట్ ఇనుప ఖనిజం రేవులో పనికి చేరాడు. రైలు పెట్టెల్లో గడ్డకట్టుకుపోయిన ఖనిజాన్ని పొడుగాటి ఇనుప గడ్డపారతో పొడిచి కింది తొట్టిలోకి రాల్చడం. దానికి ఒక కన్ను చాలు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆర్వో కిటికీ దగ్గర కుర్చీలోంచి అడిగేవాడు.

"బావా, నన్ను కొట్టిందెవడ్రా?"

మొదటిసారి ఒరెస్ట్ కోటు కూడా విప్పలేదు. అలాగే నిలబడి చెప్పాడు, "నేనే."

ఆర్వో నవ్వాడు. "నువ్వా. నువ్వు నన్నెందుకు కొడతావు?"

ఒరెస్ట్ కన్ను సంగతీ, సైరన్ సంగతీ అంతా చెప్పాడు. ఆర్వో నోరు తెరుచుకుని విన్నాడు, తర్వాత చేతిలో కప్పు గోడకేసి కొట్టాడు, తర్వాత ఏడ్చాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ అడిగాడు. ఒరెస్ట్ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆర్వో బూతులు తిట్టాడు. ఇంకో రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక రోజు ఆర్వోయే ఒరెస్ట్ తల నిమిరాడు. ఏ రోజు ఏం చేస్తాడో తెలియదు. మొదటిసారి విన్నట్టే ప్రతిసారీ వినేవాడు. మొదటిసారి చెప్పినట్టే ఒరెస్ట్ ప్రతిసారీ చెప్పాల్సి వచ్చేది.

హెల్వి తట్టుకోలేకపోయింది. "ఎవరికోసం చెబుతున్నావు? వాడికోసమా, నీకోసమా?" అంది. "రోజూ వాడి గుండె కొత్తగా కోస్తున్నావు. డూలన్ కొట్టాడని చెప్పు. ఒక్క మాట. తిట్టుకుంటాడు, మర్చిపోతాడు."

ఒరెస్ట్‌కి ఆమె మాట నిజమే అనిపించింది. మర్నాడు అడగ్గానే, "డూలన్" అన్నాడు.

ఆర్వో తలూపాడు. ఏడవలేదు, కప్పు విసరలేదు. ప్రశాంతంగా ఉన్నాడు. ఆ వారమంతా అడిగినప్పుడల్లా ఒరెస్ట్ డూలన్ అనే చెప్పాడు. ఎప్పుడూ ఏదీ నిలవని ఆ తలలో ఆ పేరు ఎలా నిలిచిందో. ఒక మధ్యాహ్నం హెల్వి కొట్టుకి వెళ్ళొచ్చేసరికి వెనక గది ఖాళీగా ఉంది. ఆర్వో పాత స్టిక్ కూడా లేదు. బయట మంచు కురుస్తోంది. హెల్వి రేవుకి పరిగెత్తింది. ఒరెస్ట్, అతనితో పనిచేసేవాళ్ళూ వెతుక్కుంటూ వెళితే ఊరవతల రైలు పట్టాల మీద దొరికాడు. కోటు లేదు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే ఉన్ని మేజోళ్ళు. స్టిక్ మీద ఆనుకుని పడమరకి నడుస్తున్నాడు.

"ఎక్కడికిరా?"

"డూలన్ దగ్గరికి. రా బావా, ఇద్దరం వెళ్దాం. నువ్వు పట్టుకో, నేను అడుగుతా, ఎందుకు చేశావని."

ఒరెస్ట్ అతన్ని వీపు మీద మోసుకుని వచ్చాడు. చలికి రెండు పాదాల్లోనూ వేళ్ళు కొన్ని నల్లబడి పోయాయి, తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత హెల్వి ఇంకెప్పుడూ అబద్ధం చెప్పమనలేదు. ఆర్వో ప్రశ్న వేసేసరికి ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళేది. గిన్నెల చప్పుడు ఎక్కువ చేసేది.

అలా ఏళ్ళు గడిచాయి. ప్రశ్న రోజూ రాకుండా వారానికి, తర్వాత నెలకి తగ్గింది. ఒరెస్ట్‌కి కూడా తలనొప్పులు మొదలయ్యాయి. వెలుతురు చూడలేకపోయేవాడు, రేవులో ఒక్కోసారి గడ్డపార ఎత్తి ఎందుకెత్తాడో మర్చిపోయేవాడు. పెత్రో పోయాడని కబురు వస్తే, ఎవరు పెత్రో అని ఒక క్షణం ఆలోచించాడు.

సెలవు రోజుల్లో ఆర్వోని మంచు మీద జారే చిన్న స్లెడ్జి బండి మీద కూర్చోబెట్టి సరస్సు మీదికి లాక్కెళ్ళేవాడు. మంచుకి కన్నం చేసి గాలం వేసుకుని ఇద్దరూ పెట్టెల మీద కూర్చునేవాళ్ళు. అలా ఒకరోజు ఆర్వో చాలాసేపు అతన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాచి అతని ముఖం పక్కన, ఎడమ కంటి దగ్గర, మెల్లగా ఊపాడు.

"ఇది పోయింది కదా నీకు" అన్నాడు.

ఒరెస్ట్ గాలం పక్కన పెట్టాడు. ఆ రోజు అతను ఏమీ చెప్పలేదు ఇంకా, ఆర్వో ఏమీ అడగలేదు. "పోయింది" అన్నాడు.

"టల్లీకి చెప్పకు. తీసేస్తాడు."

"చెప్పను."

"నేను చూసుకుంటాలే" అన్నాడు ఆర్వో. కాసేపటికి చేప పడింది, దాన్ని లాగే హడావిడిలో ఆ మాట ఎటు పోయిందో పోయింది. ఇంటికి వచ్చాక హెల్వికి చెబుదామనుకున్నాడు ఒరెస్ట్. చేప ఒక్కటే ఆమె చేతికిచ్చాడు.

ఆ తర్వాతి జనవరిలో ఆర్వోకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నాలుగు రోజులు లాగి పోయాడు. ఒరెస్ట్ పనిలో ఉండగా పోయాడు. పాత జట్టువాళ్ళు వచ్చారు. వాళ్ళలో చాలామందికి ముఖాలు ఒరెస్ట్ ముఖంలాగే ఉన్నాయి. డూలన్ ఎక్కడో దూరాన బండ్లు అమ్ముకుంటున్నాడట, పేపర్లో చూసి వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. టల్లీ రాలేదు, పూలు పంపాడు. టల్లీకి అంతా తెలుసని ఎరిగిన హెల్వి ఆ పూలు తీసుకెళ్ళి బయట మంచులో పెట్టింది.

శవపేటిక ముందు నిలబడి ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలి. అందరూ ఒరెస్ట్ వైపు చూశారు. అతను లేచాడు.

"ఆర్వో తలకి దెబ్బ తగిలింది నావల్ల" అన్నాడు. "నాకప్పుడు ఎడమ కన్ను లేదు. ఇప్పుడూ లేదు. దాచిపెట్టి ఆడాను. వాడు నాకోసం చూసేవాడు. ఆ రోజు వాణ్ణే చూసుకోకుండా కొట్టాను. ఊరికి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా."

పాస్టర్ గారు కళ్ళు దించుకున్నారు. ఒరెస్ట్ కూర్చున్నాడు. బయటికి వచ్చేటప్పుడు కొందరు చెయ్యి కలపలేదు, కొందరు కలిపారు. డూలన్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "నేను పక్కకి తప్పుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. ఒరెస్ట్ తల అడ్డంగా ఊపాడు. ఆ మాటని ఇన్నేళ్ళుగా ఇతనూ మోస్తున్నాడని అప్పుడు తెలిసింది.

నేల గడ్డకట్టి తవ్వడానికి వీల్లేకుండా ఉంది. పేటికని శ్మశానంలోని రాతి గదిలో ఉంచారు. మంచు కరిగాక, మే నెలలో పూడ్చారు. ఆ రోజు ఒరెస్ట్, హెల్వి, శ్మశానం మనిషి, ముగ్గురే ఉన్నారు. మట్టి బురదబురదగా ఉంది. ఒరెస్ట్ తనే పార తీసుకుని పూడ్చాడు.

"నీ తప్పు లేదని నేననను" అంది హెల్వి.

"అనొద్దు."

"నాదీ ఉంది. నేను ఆపలేదు."

ఒరెస్ట్ పార దులిపి శ్మశానం మనిషికి ఇచ్చేశాడు. ఆమె అతని చొక్కా మీద పడ్డ బురద చేత్తో తుడవబోయి, అది ఇంకా పులుముకుంటుంటే వదిలేసింది. కింద రేవులో ఆ ఏడాది మొదటి ఓడలు వచ్చి ఆగి ఉన్నాయి. మధ్యాహ్నం షిఫ్ట్‌కి ఇంకా కాస్త టైముంది. ఇంటికెళ్ళి చేపల పులుసు వేడిచేసుకుని తిన్నారు. అతను బూట్లు మార్చుకుని పనికి వెళ్ళాడు.